నోటికథ గ్రంథాలయమును చేరిన తీరు
హార్లెంలో పూరా బెల్‌ప్రే నడపిన బాలల కార్యక్రమములు

గ్రంథాలయముల చరిత్రను వ్రాయువారు సామాన్యముగా భవనములను, దాతలను, శాసనములను, గ్రంథసంఖ్యలను పేర్కొందురు. ఇవి యన్నియు వలసినవే. కాని ఒకనాటి సాయంకాలము గ్రంథాలయపు గదిలో కూర్చుండిన పిల్లలు ఏమి వినిరి, విన్నపిదప ఏ పుస్తకమునకై చేయి చాచిరి, ఆ పుస్తకము అచట ఉండెనా లేదా అను సంగతులు ఆ చరిత్రలలో అరుదుగా కానవచ్చును. బడియీడు పిల్లలకై గ్రంథాలయములు ఒక్కొక్క విషయమును ఆధారముగా గొని కార్యక్రమములను నడపుట నేడు సర్వసాధారణమైనది. ఒక పండుగయో, ఒక కవి జయంతియో, ఒక దేశపు కథలో ముఖ్యవిషయముగా ఏర్పఱచి, వారము దినములు పిల్లలను రప్పించి, పోటీలు పెట్టి, బహుమానములిచ్చి పంపుట మనమెల్లరము ఎఱిగినదే. ఆ వారము గడచిన పిమ్మట గ్రంథాలయమునందు ఏమి మిగిలినది అను ప్రశ్న మాత్రము ఎవరును అంతగా వేయరు.

జానపద వాఙ్మయమును పరిశీలించువారికి ఈ ప్రశ్న మఱింత ముఖ్యమైనది. నోటికథ అచ్చుకెక్కుటకు రెండు మార్గములు కలవు. పండితుల పత్రికలోనికి చేరుట ఒకటి; పిల్లవాని చేతిలోనికి వచ్చుట వేఱొకటి. మొదటి దానివలన రెండవది తనంతట సిద్ధింపదు. ఈ భేదమును మిక్కిలి స్పష్టముగా చూపు ఉదాహరణము న్యూయార్కు నగరమందలి హార్లెం ప్రాంతమున పూరా బెల్‌ప్రే అను ప్యూర్టోరికో వనిత నడపిన బాలల కార్యక్రమములందు లభించుచున్నది. ఆ వృత్తాంతమును పరిశీలించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

1. కథాసమయము : పూర్వరంగము

పందొమ్మిదవ శతాబ్ది కడపటివఱకు అమెరికాలోని సార్వజనిక గ్రంథాలయములు పెక్కింట పండ్రెండో పదునాలుగో ఏండ్లు నిండని పిల్లలకు ప్రవేశమే లేకుండెను. 1896లో బ్రూక్లిన్‌నందలి ప్రాట్ విద్యాసంస్థవారి గ్రంథాలయము, భవనమును కట్టించునపుడే పిల్లలకై ప్రత్యేకముగా ఒక గదిని ఏర్పఱచినది. ఆ గదిని నిర్వహించిన ఆన్ కారొల్ మూర్ 1906లో న్యూయార్కు సార్వజనిక గ్రంథాలయమునకు వచ్చి, 1941 వఱకు అందలి బాలల విభాగమునకు అధిపతిగా నుండెను. 1895లో ఏర్పడిన ఆ గ్రంథాలయమునకు, శాఖాభవనములను కట్టించుటకై ఆండ్రూ కార్నెగీ 1901లో 52 లక్షల డాలర్లను ఇచ్చియుండెను. అందుచేత పేదలు వసించు వాడలలో సైతము శాఖలు వెలసినవి. గోడలు దాతల సొమ్ముతో లేచినవి గాని, వాటి మధ్య పిల్లలకు ఏమి జరుగవలెనన్నది మూర్ వంటివారు నిర్ణయించిరి.

ఆమె ఏర్పఱచిన పద్ధతులలో ముఖ్యమైనది కథాసమయము. చిన్నపిల్లలకు బొమ్మల పుస్తకములను చూపుచు చెప్పునది వేఱు; బడికిపోవు పిల్లలకు, చేత పుస్తకము లేక, కంఠస్థముగా చెప్పునది వేఱు. ఈ రెండవదానిలో ఒక చిన్న బల్లమీద పూలను, ఆనాటి కథకు మూలమైన పుస్తకమును ఉంచి, కొవ్వొత్తి వెలిగించి కథను ఆరంభించెడివారు. కథ ముగిసినపిమ్మట పిల్లలు మనసులో ఒక కోరిక తలంచుకొనుచుండగా దీపము ఆర్పబడుచుండెను. సెయింట్ నికొలస్ పండుగ మున్నగు దినములను పురస్కరించుకొని కథలను ఎన్నుకొనుటయు అచట ఆచారమయ్యెను. విషయప్రధానమైన బాలల కార్యక్రమమునకు ఇట్లు ఆ గ్రంథాలయములో బలమైన పునాది పడినది.

ఈ పద్ధతిలో ఒక కట్టుబాటు కలదు. ముద్రిత గ్రంథమునుండి గ్రహించిన కథను మాత్రమే చెప్పవలెను. దీనికి సహేతుకమైన కారణము లేకపోలేదు. కథను విని ముచ్చటపడిన పిల్లవాడు వెంటనే ఆ పుస్తకమును అడుగును; అది అరలో ఉండవలెను. కథ చెప్పుట పుస్తకమునకు దారి చూపుటకే గాని కేవల వినోదమునకు కాదని ఆనాటివారి అభిప్రాయము. కాని ఈ నియమములో ఒక లోపము దాగియున్నది. ఎవరి కథలు అచ్చయినవో వారి పిల్లలకే అది మేలు చేయును. గ్రిమ్ సోదరుల కథలను ఎఱిగిన జర్మను కుటుంబమునకు, ఆండర్సన్ కథలను ఎఱిగిన డేనిష్ కుటుంబమునకు గ్రంథాలయము తమ యిల్లువలె తోచును. అవ్వనోట విన్న కథ తప్ప అచ్చుకథ లేని జాతి పిల్లలకు మాత్రము ఆ గదిలో తమదైనది ఏమియు కానరాదు.

2. నూటముప్పదియైదవ వీథి

ప్యూర్టోరికో ద్వీపము 1898లో స్పెయిన్ చేతినుండి అమెరికా చేతికి వచ్చినది. 1917లో ఆ ద్వీపవాసులకు అమెరికా పౌరసత్వము లభించినది. అప్పటినుండి వారు న్యూయార్కునకు వలసవచ్చుట హెచ్చినది. వారి మాతృభాష స్పానిష్. ద్వీపమందలి పాఠశాలలలో సైతము 1940ల చివరివఱకు ఆంగ్లమును బోధనభాషగా నిలుపు యత్నము ఏదో ఒక రూపమున సాగుచునే యుండెను. కాబట్టి ఆ పిల్లలకు ఇంటిమాట వేఱు, బడిమాట వేఱు అనునది నగరమునకు వచ్చినపిమ్మట క్రొత్తగా కలిగిన అనుభవము కాదు. పెద్దదైన అనుభవము మాత్రమే.

పూరా బెల్‌ప్రే ఆ ద్వీపమందలి సీద్రా అను ఊరిలో పుట్టినది. ఉపాధ్యాయవృత్తిని అవలంబింపగోరి అచటి విశ్వవిద్యాలయమున చేరినది. 1920లో అక్కచెల్లెండ్రలో ఒకరి వివాహమునకై న్యూయార్కునకు వచ్చి అచటనే నిలిచిపోయెను. కొంతకాలము బట్టలు కుట్టు కర్మాగారమున పనిచేసినది. ఆ సమయమున 135వ వీథిలోని శాఖాగ్రంథాలయమునకు ఎర్నస్టీన్ రోజ్ అధికారిణిగా నుండెను. తన వాడలోని ప్రజలెవరో, వారి భాష ఏదో తెలిసినవారు గ్రంథాలయములో పనిచేయవలెనని ఆమె పట్టుదల. నల్లజాతి వనితలను ఉద్యోగినులుగా నియమించుటయేగాక, చుట్టుపట్ల స్పానిష్ మాటాడు కుటుంబములు పెరుగుచుండుటను గమనించి, 1921లో ఆమె బెల్‌ప్రేను సహాయకురాలిగా తీసికొనెను. న్యూయార్కు సార్వజనిక గ్రంథాలయమున నియుక్తురాలైన మొదటి ప్యూర్టోరికో వనిత ఈమెయే. 1926లో ఈ శాఖకే ఆర్థర్ షాంబర్గ్ అను వేఱొక ప్యూర్టోరికో సంతతివాని గొప్ప గ్రంథసంచయము చేరుట గమనింపదగినది.

బెల్‌ప్రే తన అనుభవమును చెప్పుకొనిన సందర్భములలో ఒక చిన్న ఘట్టము మాటిమాటికి వచ్చును. పుస్తకములను అరలలో సర్దుచు ఆమె జానపదకథల అరవద్దకు వచ్చెను. నానాదేశముల కథలు అచట కలవు. తాను చిన్ననాట అవ్వవద్ద విన్న కథలలో ఒక్కటియు లేదు. ఈ లేమిని ఆమె ఫిర్యాదుగా మార్చలేదు; తన పనిగా స్వీకరించెను.

ఇచట ఒక విషయమును విస్మరింపరాదు. ప్యూర్టోరికో కథలు అప్పటికి అసలు సేకరింపబడలేదనుట సరికాదు. జె. ఆల్డెన్ మేసన్ 1914–15 సంవత్సరములలో ఆ ద్వీపమున సంచరించి పొడుపుకథలను, కథలను విస్తారముగా సేకరించెను. అరేలియో ఎస్పినోసా వానిని పరిష్కరింపగా 1916 మొదలుకొని అమెరికా జానపదవిజ్ఞాన పత్రికలో అవి వెలువడుచుండెను. అనగా కథలు అచ్చయినవి, పండితులకు అందినవి. హార్లెంలోని పదేండ్ల పిల్లకు మాత్రము అందలేదు. జానపదవిజ్ఞానమున కృషిచేయువారు ఈ ఒక్క సంగతిని నిలిచి ఆలోచింపవలసి యున్నది.

3. బొద్దింకకథ

1920ల మధ్యభాగమున బెల్‌ప్రే ఆ గ్రంథాలయమువారి శిక్షణాలయమున చేరినది. కథనకళను బోధించు మేరీ గూల్డ్ డేవిస్ తరగతిలో కథయొకటి చెప్పవలసివచ్చినపుడు, అవ్వ చెప్పిన పెరేజ్, మార్టీనాల కథను చెప్పెను. ముద్రిత గ్రంథము లేని కథను చెప్పరాదను కట్టుబాటునకు ఇది విరుద్ధము. అయినను కథలోని బలము గుర్తింపబడినది. ఆ కథను పిల్లల కథాసమయమున చెప్పుటకు ఆమెకు అనుమతి లభించినది.

కథ క్లుప్తముగా నిట్లుండును. మార్టీనా అను బొద్దింక ఇల్లు ఊడ్చుచుండగా ఒక నాణెము దొరకును. దానితో ఏమి కొనవలెనని పలువిధముల ఆలోచించి ముఖమునకు పూసికొను పొడిని కొని, అలంకరించుకొని వసారాలో కూర్చుండును. పెండ్లాడుటకు ఒక్కొక్క జంతువే వచ్చును. నన్ను పెండ్లాడినచో నాతో ఎట్లు మాటాడెదవని ఆమె ప్రతివానిని అడుగును, ప్రతివాడు తన కూతను వినిపించును, ఆమె కాదనును. తుదకు మృదుభాషియగు పెరేజ్ అను ఎలుకను వరించును. పండుగనాడు ఆమె వండుచున్న తీపి అన్నమును రుచిచూడబోయి పెరేజ్ కాగులో పడి మరణించును. మార్టీనా అతనికై పాడుచు విలపించును.

ఆర్నే–థామ్సన్ కథానిర్మాణ సూచిలో ఇది 2023వ సంఖ్యగల గొలుసుకట్టు కథ. స్పానిష్ మాటాడు దేశములలో దీని రూపాంతరములు బహుళముగా కలవు. మన యేడు చేపల కథ జవాబునుండి ప్రశ్న పుట్టించుచు సాగినట్లే, ఇది ప్రశ్న ఒక్కటిగా నిలిచి జవాబులు మాఱుచుండగా సాగును. ఇట్టి కథలో శ్రోతకు పని యుండును. రెండవ జంతువు వచ్చుసరికే పిల్లలు ప్రశ్నను తామే పలుకుదురు. కూతలను తామే కూయుదురు. భాష తెలియని పిల్లవాడును మూడవమాఱు తెలిసినవాడగును. స్పానిష్, ఆంగ్లముల రెండింటను కథ చెప్పవలసిన సభకు ఇంతకంటె అనువైన నిర్మాణము లేదు. బెల్‌ప్రే దీనిని బాల్యప్రీతిచేత ఎన్నుకొని యుండవచ్చును. కాని ఫలితమునుబట్టి చూడగా ఆ యెన్నిక శాస్త్రీయముగాను సమంజసమైనదే.

ఈ కథ 1932లో ఫ్రెడరిక్ వార్న్ సంస్థవారిచేత, కార్లోస్ సాంచెజ్ చిత్రములతో పుస్తకరూపమున వెలువడినది. నాడు మినహాయింపుగా చెప్పబడిన నోటికథ ఇపుడు బల్లమీద పూలప్రక్కన ఉంచదగిన గ్రంథమయ్యెను. కట్టుబాటు చెడలేదు, దాని పరిధి విస్తరించినది.

4. ముగ్గురు రాజుల పండుగ

1929లో బెల్‌ప్రే 115వ వీథిలోని శాఖకు మాఱినది. ఆ చుట్టుప్రక్కల ప్యూర్టోరికో కుటుంబములు దట్టముగా వసించుచుండెను. ఆమె కార్యక్రమములు పూర్ణరూపమును దాల్చినది ఇచటనే. వానిలో మూడు అంగములు కలవు. మొదటిది రెండుభాషల కథాసమయము. ఆంగ్లము రాని తల్లులుకూడ పిల్లలతో వచ్చి కూర్చుండుటకు దీనివలన వీలయ్యెను. రెండవది స్పానిష్ పుస్తకములను కొనుట. మూడవది పండుగలను ఆధారముగా గొనిన ఉత్సవములు. అందు ప్రధానమైనది జనవరి 6వ తేదీనాటి ముగ్గురు రాజుల పండుగ.

శిశువగు క్రీస్తును చూడవచ్చిన తూర్పుదేశపు జ్ఞానులను స్పానిష్ సంప్రదాయము ముగ్గురు రాజులుగా కొలుచును. ప్యూర్టోరికో పిల్లలకు కానుకలు తెచ్చువారు వీరే. ముందునాటి రాత్రి పిల్లలు గడ్డికోసి ఒక పెట్టెలో నింపి మంచముక్రింద ఉంచుదురు. అది రాజుల ఒంటెలకు మేత. తెల్లవాఱునప్పటికి గడ్డి మాయమై దాని స్థానమున కానుక యుండును. చలికాలపు న్యూయార్కులో, కాలిబాటలు తప్ప పచ్చిక కానరాని వాడలో, ఈ ఆచారము ఒక్క తరములో మఱపునకు వచ్చునట్టిది. నగరమంతయు డిసెంబరు 25తో పండుగ ముగించి దీపములు తీసివేసిన పిదప పదిరెండు దినములకు వచ్చు ఈ పండుగను బడి ఎఱుగదు, అంగడి ఎఱుగదు. గ్రంథాలయము ఎఱిగినది.

ఇచట ఆలోచింపదగిన అంశమొకటి కలదు. సెయింట్ నికొలస్ పండుగను జరుపునపుడు గ్రంథాలయము పిల్లలకు నేర్పుచున్నది. ముగ్గురు రాజుల పండుగను జరుపునపుడు పిల్లలనుండియు తల్లులనుండియు తానే నేర్చుకొనుచున్నది. పాటలు, ఆచారములు, వంటకముల పేర్లు అన్నియు వాడలోనివారికే బాగుగా తెలియును. కార్యక్రమమునకు విషయమును ఇంటినుండి తీసికొనినపుడు ఆ యింటివారు అతిథులుగా గాక గృహస్థులుగా గ్రంథాలయములో అడుగిడుదురు. 115వ వీథి శాఖ స్పానిష్ మాటాడు వారికి ఒక సాంస్కృతికకేంద్రమై, మెక్సికో చిత్రకారుడు డియేగో రివేరా వంటివారిని సైతము ఆహ్వానింపగలిగినదన్న దీనికి కారణము పిల్లలగదియే యనవచ్చును. పిదప తూర్పు హార్లెంలో 110వ వీథియందలి అగ్విలార్ శాఖలోను ఆమె ఇట్టి కృషినే కొనసాగించినది.

దాదాపు అదేకాలమున 135వ వీథి శాఖలో వేఱొక లోపము మఱొకరి కంటబడినది. 1937లో అచట చేరిన అగస్టా బేకర్, నల్లజాతి పిల్లలను గూర్చిన పుస్తకములు లేకపోలేదుగాని ఉన్నవి పెక్కు అవమానకరములుగా ఉన్నవని గ్రహించి, 1939లో జేమ్స్ వెల్డన్ జాన్సన్ స్మారక సంచయమును ఏర్పఱచినది. బెల్‌ప్రేకు ఎదురైనది శూన్యము. బేకర్‌కు ఎదురైనది వికృతి. రెండింటికిని మందు కథాసమయమునుండియే ఆరంభమై పుస్తకపు అరలో పూర్తియైనది.

5. అరను నింపిన కృషి

1943లో బెల్‌ప్రే ప్రసిద్ధ సంగీతవిద్వాంసుడగు క్లారెన్స్ కామెరాన్ వైట్‌ను వివాహమాడి, కొంతకాలమునకు ఉద్యోగమునుండి తొలగి రచనకు పూనుకొనెను. 1946లో ‘పులి–కుందేలు’ అను అర్థమిచ్చు పేరుతో ఆమె కథల సంపుటి ప్రకటితమైనది. అమెరికాలో ఆంగ్లమున వెలువడిన మొదటి ప్యూర్టోరికో జానపదకథల సంకలనముగా దీనిని పేర్కొందురు. 1960లో భర్త మరణించిన పిమ్మట ఆమె స్పానిష్ బాలల నిపుణురాలుగా మరల గ్రంథాలయమునకు వచ్చి 1968 వఱకు పనిచేసినది. అటుపిమ్మట దక్షిణ బ్రాంక్స్ గ్రంథాలయ ప్రణాళికలో చేరి, చేతిబొమ్మలను చేయించి, బొమ్మలాటను వాడవాడకు కొనిపోయెను. పెరేజును మార్టీనాయు ఇట్లు తరువాతి తరమువారి యెదుట మరల నిలిచిరి. 1971లో మేరీ కాన్వెల్‌తో కలసి స్పానిష్ బాలల పుస్తకముల సవివరణ పట్టికను సిద్ధపఱచెను. 1982లో ఆమె కాలధర్మము నొందెను. 1996 నుండి ఆమె పేరిట లాటిన్ అమెరికా సంతతి బాలసాహిత్య కర్తలకు, చిత్రకారులకు పురస్కారము ఇయ్యబడుచున్నది.

ఈ కృషియందు ఒక చిక్కు లేకపోలేదు. స్పానిష్ నోటికథ మొదట అచ్చయినది ఆంగ్లములో. అవ్వ పలుకులోని లయ కొంత పోయినది. విమర్శకులు ఈ మాట అనినచో కాదనుటకు వీలులేదు. కాని ఆనాటి ప్రకాశకులు, పాఠకులు, గ్రంథాలయపు కట్టుబాటు ఆంగ్లమునే ఆశ్రయించి యుండగా, ఆ కథను ఆంగ్లమున అచ్చువేయించి, అచ్చయిన కథనే కథాసమయమున స్పానిష్‌లో చెప్పుట ఆమె కనుగొనిన ఉపాయము. ముద్రణలో పోయినదానిని నోటితో తిరిగి ఇచ్చెను. ఉత్సవములు వేషములతోను వంటలతోను ముగియునను ఆక్షేపణయు కలదు. పుస్తకము లేని ఉత్సవమునకు ఆ దోషము తప్పదు. బెల్‌ప్రే ఉత్సవము ముగిసిన మరునాడు అరలో పుస్తకము ఉండెను. లేనిచో దానిని ఆమె వ్రాసెను.

6. ఉపసంహారము

పై వృత్తాంతమునుండి తేలిన సారాంశము ఇది. బాలల కార్యక్రమమునకు ఎన్నుకొను విషయము పిల్లల యింటిలో పుట్టినదై యుండవలెను. అది ముగిసినపిమ్మట గ్రంథాలయపు అరలో నిలువవలెను. మొదటిది లేనిచో పిల్లవాడు పరాయివాడుగా వచ్చి పరాయివాడుగా పోవును. రెండవది లేనిచో పండుగ జ్ఞాపకముగా మాత్రమే మిగులును.

తెలుగుదేశమున గ్రంథాలయోద్యమము 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము స్థాపనతో వ్యవస్థితరూపము తాల్చినది. నేడు ఉభయ తెలుగు రాష్ట్రములందును ప్రతియేట నవంబరు 14 నుండి 20 వఱకు జరుగు గ్రంథాలయ వారోత్సవములు బాలలదినోత్సవముతో ఆరంభమగును. వ్యాసరచన, వక్తృత్వము, చిత్రలేఖనము మున్నగు పోటీలకు పిల్లలు వత్తురు. మఱియొకవైపున, బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ 1958లో వెలువడినది మొదలు మన విశ్వవిద్యాలయములు జానపద వాఙ్మయమును సేకరించుచునే యున్నవి. పేదరాసి పెద్దమ్మ చెప్పిన కథలు, ఆయా మండలముల మాండలికములతో, సిద్ధాంతగ్రంథముల అనుబంధములందు భద్రముగా ఉన్నవి. భద్రముగా ఉన్నవి గనుకనే పిల్లలకు కానరావు. ఈ వ్యాసకర్తయు అట్టి అనుబంధమొకటి కూర్చి బిరుదమంది, దానిని బీరువాలో చూచి సంతృప్తినొందినవాడే. మేసన్ సేకరించిన కథలు పత్రికలో ఉండగనే హార్లెం పిల్లలకు కథ లేకపోయిన సంగతి చదివినపుడు అతనికి కలిగిన సిగ్గే ఈ వ్యాసమునకు మూలము.

చేయదగిన పని పెద్దది కాదు. ఒక్కొక్క శాఖ తన సేకరణనుండి పది కథలను ఎన్నుకొని, పిల్లలు చదువదగిన తెలుగులో, చెప్పిన అవ్వ పేరు, ఊరు పేరు పేర్కొనుచు చిన్న పుస్తకముగా అచ్చువేయించి, ఆ జిల్లాలోని గ్రంథాలయములకు పంపవచ్చును. రాబోవు వారోత్సవములలో ఒక సాయంకాలము, ఆ కథను చెప్పగల పెద్దలను పిలిచి చెప్పించి, ఆ పుస్తకమును బల్లమీద ఉంచవచ్చును. కథ ముగిసినపిమ్మట ఏ పిల్లవాడైనను లేచి వచ్చి దానికై చేయి చాచినచో, సేకరణము ఆనాటికి పూర్తియైనట్లు భావింపవచ్చును.